పది చింతపిక్కలు, తొమ్మిది కప్పులు: యంత్రానికి ఆటతో పాఠం

అందరికీ నమస్కారం. మీ ముందున్న ఒక్కో బల్ల మీద 10 చింతపిక్కలు, 9 కాగితపు కప్పులు, 18 పూసలు ఉన్నాయి. ఈ సామానుతో మీరు ఒక యంత్రాన్ని తయారుచేసి దానికి ఆట నేర్పబోతున్నారు. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. నేర్చుకోవడం పూర్తయ్యాక, మొదటి ఎత్తు దానిదైతే, ఎంత తెలివైనవాళ్లు ఎదురు కూర్చున్నా ఆ కప్పులు ఓడవు. ఇది నమ్మకం మీద చెబుతున్న మాట కాదు, కాసేపట్లో లెక్క కట్టి చూపిస్తాను.

కృత్రిమ మేధ అనగానే చాలామందికి పెద్ద పెద్ద సర్వర్లు గుర్తొస్తాయి. క్లాసులో ఆ పాఠం చెప్పాలంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టడం కష్టం, ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. చిన్న ఆటతో ఆ ఇబ్బంది లేదు. యంత్రం తప్పు ఎత్తు వేస్తే ఆ తప్పు ఏ కప్పులో ఉందో మూత తీసి చూడొచ్చు, పూసలు లెక్కపెట్టొచ్చు. ఈ రోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆట. బల్ల మధ్యలో 10 పిక్కలు పెడతాం. ఇద్దరూ వంతులవారీగా తీయాలి. ఒక్కో వంతులో 1 గానీ 2 గానీ తీయొచ్చు, అసలు తీయకుండా ఉండకూడదు. చివరి పిక్క తీసినవాళ్లది గెలుపు. అంతే నియమాలు.

ఇప్పుడు యంత్రం. కప్పుల మీద 2 నుంచి 10 వరకు అంకెలు రాయండి. ఒక్కో కప్పులో ఒక ఎర్రపూస, ఒక పచ్చపూస వేయండి. ఎరుపంటే 1 తీయమని, పచ్చంటే 2 తీయమని. యంత్రం వంతు వచ్చినప్పుడు బల్ల మీద ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెట్టి, ఆ అంకె ఉన్న కప్పును బాగా కదిపి, లోపలికి చూడకుండా ఒక పూస తీయాలి. 7 పిక్కలుంటే 7 కప్పు. ఎరుపు వస్తే ఒక పిక్క తీసి పక్కన పెట్టండి. తీసిన పూసను మళ్లీ కప్పులో వేయొద్దు, ఆ కప్పు ముందే ఉంచండి. ఆట ముగిసేసరికి యంత్రం నడిచిన దారి మొత్తం పూసల రూపంలో బల్ల మీద కనబడాలి. ఒక్క పిక్కే మిగిలితే కప్పుతో పనిలేదు, దాన్ని తీసేస్తే గెలుపే. అందుకే 1 అంకెకి కప్పు పెట్టలేదు.

ఇక నేర్పడం. యంత్రం గెలిస్తే పూసలన్నీ ఎక్కడివక్కడ వేసేయండి. ఓడితే అది ఆఖరున వాడిన కప్పు ముందున్న పూసను శాశ్వతంగా పక్కన పెట్టి, మిగతావి వాటి కప్పుల్లో వేయండి. కొంతసేపటికి ఒక కప్పు పూర్తిగా ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా యంత్రం ఆ కప్పు దగ్గరికి వస్తే అక్కడే ఓటమి ఒప్పుకోవాలి. అప్పుడు దానికి ముందు వాడిన కప్పులోని పూస పోతుంది.

ఇంతే. ఎవరూ యంత్రానికి కిటుకు చెప్పరు. అయినా ఏమవుతుందో చూడండి. (బోర్డు మీద రాస్తూ) 3 పిక్కలున్నప్పుడు యంత్రం 1 తీస్తే 2 మిగులుతాయి, ఎదుటివారు రెండూ తీసి గెలుస్తారు. 2 తీస్తే 1 మిగులుతుంది, అదీ ఎదుటివారిదే. అంటే 3 కప్పులో ఉన్న రెండు పూసలూ తప్పే. కొన్ని ఆటల్లో రెండూ పోయి ఆ కప్పు ఖాళీ అవుతుంది. అప్పుడు దాని ముందున్న 6 కప్పు మీద దెబ్బ పడడం మొదలవుతుంది, 6 కూడా ఖాళీ అవుతుంది. ఆ దెబ్బ వెనక్కి పాకుతూ 7, 8, 10 కప్పుల దాకా వెళ్తుంది. ఆట ముగింపు దగ్గర పుట్టిన తెలివి మొదటి ఎత్తు దాకా ప్రయాణించిందన్నమాట.

లెక్క ఇదీ. మూడో ఎక్కంలో ఉన్న సంఖ్య ఎవరి ముందు మిగిలితే వాళ్లది ఓటమి. కాబట్టి 3, 6 కప్పుల్లో రెండేసి పూసలు తప్పు, మొత్తం 4. 2, 4, 5, 7, 8, 10 కప్పుల్లో ఒక్కోటి తప్పు, మొత్తం 6. రెండూ కలిపితే 10 తప్పు పూసలు. ప్రతి ఓటమికీ ఒక తప్పు పూస కచ్చితంగా పోతుంది. సరైన పూస పోయే అవకాశం లేదు, ఎందుకంటే సరైన ఎత్తు వేశాక ఎదుటివారు ఏం తీసినా యంత్రానికి మళ్లీ సరైన పూస ఉన్న కప్పే ఎదురవుతుంది, ఓడితే తప్పు ఆ తర్వాతి కప్పులదే. అందువల్ల మొదటి ఎత్తు తనదైనప్పుడు ఈ యంత్రం తన జీవితకాలంలో 10 సార్లకు మించి ఓడలేదు. అన్నీ నేర్చుకున్న కప్పుల్లో మిగిలేవి: 2లో పచ్చ, 4లో ఎరుపు, 5లో పచ్చ, 7లో ఎరుపు, 8లో పచ్చ, 10లో ఎరుపు. 3, 6 ఖాళీ.

మరి 9 కప్పు? అందులో రెండు పూసలూ అలాగే ఉంటాయి. యంత్రమే ముందు ఆడితే దాని వంతులో 9 పిక్కలు ఎప్పుడూ రావు. 10 నుంచి అది 1 తీస్తే 9 ఎదుటివారి ముందుంటాయి, 2 తీస్తే 8. దాని వంతు మళ్లీ వచ్చేసరికి 8, 7, 6లలో ఏదో ఒకటి ఉంటుంది. ఎన్ని వేల ఆటలు ఆడినా 9 గురించి ఈ యంత్రానికి ఒక్క ముక్క తెలియదు. అనుభవంలోకి రానిదాన్ని అది నేర్చుకోదు. ఈ 9 కప్పును పిల్లలకు తప్పకుండా చూపించండి. ఫోనులో ఉండే యాప్ దగ్గర నుంచి పెద్ద పెద్ద వ్యవస్థల వరకు ఇదే సంగతి.

ఇక్కడ చేతిపనిలో జరిగే తప్పులు కొన్ని చెప్పాలి. పూసలు ఒకే పరిమాణంలో, ఒకే నునుపుతో ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే వేళ్లకు తెలిసిపోతుంది, యాదృచ్ఛికత పోతుంది. గాజు కప్పులు, పలుచటి ప్లాస్టిక్ కప్పులు వద్దు, లోపలి పూసలు కనబడతాయి. ఎర్రగా బాగుంటాయని గురివింద గింజలు వాడొద్దు, అవి విషం, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణాంతకం. ప్రతి ఆట తర్వాత కప్పుల్లో ఉన్నవి, పక్కన పెట్టినవి కలిపి 18 వస్తున్నాయో లేదో చూడండి, రాకపోతే ఎక్కడో పూస జారిపోయింది. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకోటుంది. యంత్రం చెత్త ఎత్తు వేసినప్పుడు పిల్లలకు జాలేసి, "ఇది కాదులే, ఇంకో పూస తీద్దాం" అంటారు. అలా సాయం చేస్తే ముందున్న పూసకీ వేసిన ఎత్తుకీ పొంతన పోతుంది. ఆ తర్వాత ఇచ్చిన శిక్ష తప్పు చేయని పూసకు తగులుతుంది. ఓడనివ్వండి. ఓటమే దానికి పాఠం.

ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. 1961లో బ్రిటన్‌లో డోనాల్డ్ మిచీ అగ్గిపెట్టెలతో ఒక యంత్రం కట్టారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్లెచ్లీ పార్కులో సంకేతాలు ఛేదించినవారిలో ఆయనొకరు, కంప్యూటర్ శాస్త్రానికి పునాదులు వేసిన ఆలన్ ట్యూరింగ్‌తో అక్కడే స్నేహం. తన ఆలోచన పరీక్షించడానికి కంప్యూటర్ చేతిలో లేకపోయేసరికి అగ్గిపెట్టెలు తీసుకున్నారు. ఆట మన పిల్లలు పలక మీద ఆడే ఇంటూ సున్నా. యంత్రం పేరు మెనేస్. తిప్పినా అద్దంలో చూసినా ఒకేలా ఉండే గళ్లను ఒకటిగా లెక్కేస్తే మొదటి ఆటగాడికి ఎదురయ్యే స్థితులు 304. ఖాళీ పలక 1, రెండు ఎత్తుల తర్వాత 12, నాలుగు ఎత్తుల తర్వాత 108, ఆరు ఎత్తుల తర్వాత 183. అన్నీ కలిపితే 304 అగ్గిపెట్టెలు. మిచీ దానితో స్వయంగా 220 ఆటలు ఆడారు.

మరుసటి ఏడాది, 1962లో, మార్టిన్ గార్డ్‌నర్ ఒక పత్రికా వ్యాసంలో అంతకంటే చిన్నదాన్ని చూపించారు. 3×3 పలక, చెరి మూడు బంట్లు, 24 అగ్గిపెట్టెలు. ఇందాక మనం వాడిన "ఓడితే ఆఖరి ఎత్తును తీసెయ్" అనే సూత్రం ఆయన ఆటలోదే.

మిచీ పద్ధతి వేరు, ఆ తేడా మీద కాస్త నిలవాలి. ఆయన యంత్రం గెలిస్తే దారిలో వాడిన ప్రతి పెట్టెలోకీ అదే రంగు పూసలు 3 అదనంగా వేసేవారు. డ్రా అయితే 1. ఓడితే దారిలో ఉన్న పూసలన్నీ తీసేసుకునేవారు, ఆఖరిదొక్కటే కాదు. ఎందుకంటే ఇంటూ సున్నాలో డ్రాలున్నాయి, ప్రతి తప్పుకీ ఓటమి రాదు. పైగా ఈ పద్ధతిలో ఎదుటివారు పొరపాటు చేస్తే దాన్ని వాడుకోవడం కూడా యంత్రం నేర్చుకుంటుంది.

ఇందులో చిక్కు ఎక్కడుందో మన పిక్కల ఆటలోనే చూపిస్తాను. మిచీ సూత్రాన్ని మన 9 కప్పులకు పెట్టి, ఎదురుగా అసలు తప్పు చేయని మనిషిని కూర్చోబెట్టండి. కొత్త యంత్రం గెలవాలంటే 10 దగ్గర, తర్వాత 8 లేదా 7 దగ్గర, తర్వాత 5 లేదా 4 దగ్గర, చివర 2 దగ్గర (3 దగ్గర రెండు తీసి 1 వదిలేస్తే యంత్రానికి కప్పే అక్కర్లేదు, కాబట్టి ఆ మనిషి ఒక్కటే తీస్తాడు), నాలుగుచోట్లా సరైన పూస రావాలి. ఒక్కోచోట అవకాశం సగం. అంటే 16 ఆటల్లో ఒక్కటి. మిగతా 15 ఆటల్లో దారి మొత్తానికి శిక్షే. 10 దగ్గర ఎర్రపూస సరైనదే అయినా, చివర్లో 2 దగ్గర చేసిన తప్పుకి దానికీ దెబ్బ పడుతుంది. 10 కప్పులో ఒక్కటే ఎర్రపూస ఉంటే అది మొదటి ఆటలోనే పోవచ్చు, ఇక యంత్రం ఎన్నటికీ సరైన దారి పట్టదు.

ఏ ఎత్తు వల్ల గెలిచాం, ఏ ఎత్తు వల్ల ఓడాం అని తేల్చడమే ఈ విద్యలో అసలు సమస్య. మిచీ దానికి చేసిన ఉపాయం చాలా తేలికైంది. మొదటి ఎత్తు పెట్టెలో ఒక్కో రంగు 4 పూసలు, మూడో ఎత్తుకి 3, అయిదో ఎత్తుకి 2, ఏడో ఎత్తుకి 1. ఆట మొదట్లో వేసిన ఎత్తుకి ఫలితంతో సంబంధం దూరం, కాబట్టి అక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. చివరి ఎత్తుకి ఫలితం పక్కనే ఉంది, కాబట్టి అక్కడ ఒక్క దెబ్బతోనే తేలిపోతుంది. మీరు మిచీ పద్ధతిలో పిక్కల ఆట ఆడిస్తే 10 కప్పులో నాలుగేసి, 8, 7లలో మూడేసి, 6, 5, 4లలో రెండేసి, 3, 2లలో ఒక్కోటి వేసి చూడండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఎదురుగా ఆట తెలియని చిన్నపిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒక్కో రంగు ఒకే పూసతో మొదలుపెట్టారనుకోండి. యంత్రం 10 దగ్గర పచ్చపూస తీసింది, అది తప్పు, కానీ పిల్లవాడు తడబడ్డాడు, యంత్రం గెలిచింది. 3 పూసలు కలిశాయి. ఇప్పుడు 10 కప్పులో పచ్చలు 4, ఎరుపు 1, అంటే నూటికి 80సార్లు ఆ తప్పే చేస్తుంది. ఇంకోసారి అదృష్టం కలిసొస్తే పచ్చలు 7. దాన్ని మాన్పించాలంటే వరసగా ఏడు ఓటములు కావాలి. మొదటి ఆటల్లోనే పెద్ద బహుమతులిస్తే యంత్రం మొండిగా తయారవుతుంది. కాబట్టి గురువు ఎంత గట్టివాడై ఉండాలన్నది శిక్షా పద్ధతిని బట్టి మారుతుంది. తప్పులు మాత్రమే తీసేసే పద్ధతిలో గట్టి ప్రత్యర్థి ఉంటేనే మేలు, తొందరగా నేర్చుకుంటుంది. బహుమతుల పద్ధతిలో మొదట మధ్యరకం ప్రత్యర్థి, ఆ తర్వాత గట్టివాళ్లు రావాలి.

అష్టాచెమ్మా లాంటి ఆటకు మొదటి పద్ధతి అసలు పనికిరాదని గమనించండి. గవ్వల్లో అదృష్టం ఉంది. మంచి ఎత్తు వేసినా ఓడొచ్చు. ఒక్క ఓటమికి పూస తీసేస్తే మంచి ఎత్తులన్నీ పోతాయి. అదృష్టం ఉన్న ఆటలో కొంచెం కొంచెంగా, సగటు మీద నేర్చుకోవాలి.

ఆ "కొంచెం కొంచెం" కోసమే కంప్యూటర్. కప్పు స్థానంలో పట్టికలో ఒక వరస, పూసల స్థానంలో ఒక దశాంశ సంఖ్య. 1989లో క్రిస్ వాట్కిన్స్ కేంబ్రిడ్జిలో తన పరిశోధనలో రూపొందించిన క్యూ-లెర్నింగ్ అనే పద్ధతి ఇదే. సూత్రం మాటల్లో చెబుతాను: పాత విలువ తీసుకో. ఇప్పుడు దొరికిన బహుమతికి, చేరిన కొత్త చోట ఉన్న అత్యుత్తమ విలువను కాస్త తగ్గించి కలుపు. వచ్చిన దానికీ పాత విలువకీ తేడాలో పదోవంతు పాత విలువకు కలుపు. 2 పిక్కల దగ్గర "2 తీయి" అనేదానికి మొదట విలువ 0. గెలిచింది, బహుమతి 1, విలువ 0.1 అవుతుంది. మళ్లీ గెలిస్తే 0.19. మళ్లీ గెలిస్తే 0.271. ఒక్క ఆటతో తీర్పు చెప్పడం లేదు, మెల్లగా నమ్మకం పెంచుకుంటోంది. 4 పిక్కల దగ్గర విలువ మారాలంటే ముందు 2 దగ్గర విలువ రావాలి. ఇందాక కప్పుల్లో దెబ్బ వెనక్కి పాకినట్టే ఇక్కడ విలువ వెనక్కి పాకుతుంది.

దీనికి అభ్యాసంగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జిమ్నేజియం అనే ఉచిత లైబ్రరీలో ఉన్న ఫ్రోజెన్ లేక్ ఆటను సిఫార్సు చేస్తాను. గడ్డకట్టిన చెరువు, 4×4 గళ్లు, పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు చేరాలి, దారిలో 4 గుంతలు. గమ్యం చేరితే బహుమతి 1, మిగతా అంతా 0. నేల జారుడు. మీరు ఎటు వెళ్లమన్నా మూడోవంతుసార్లే అటు వెళ్తుంది, మిగతా రెండు వంతులు పక్కలకు జారుతుంది. 16 గళ్లు, 4 దిక్కులు, మొత్తం 64 సంఖ్యల పట్టిక. అంతా ఒక్క కాగితం మీద అచ్చువేసుకుని చూడొచ్చు.

కొత్తగా రాసేవాళ్ల ప్రోగ్రాం చాలాసార్లు ఇక్కడ ఎలా ఆగిపోతుందో చెబుతాను. పట్టిక అంతా సున్నాలతో మొదలవుతుంది. "ఎక్కువ విలువ ఉన్న దిక్కు ఎంచుకో" అని రాస్తారు. నాలుగూ సున్నాలే కాబట్టి మామూలు ఫంక్షన్ మొదటిదాన్ని ఇస్తుంది, ఈ ఆటలో మొదటిది ఎడమ. ఎడమ గోడ పక్కనే నిలబడి ఎడమకు నెడితే కదలదు, లేదంటే పైకో కిందికో జారుతుంది. ఎడమ నిలువు వరస దాటి బయటకు రావడం అసాధ్యం. ఆ వరస అడుగున ఒక గుంత ఉంది. వేల ఆటలు అందులోనే పడుతుంది, బహుమతి ఒక్కసారీ రాదు, పట్టిక సున్నాలుగానే ఉంటుంది. ప్రోగ్రాంలో అక్షరదోషం కోసం వెతకొద్దు, యంత్రానికి సాహసం నేర్పలేదు, అదీ లోపం.

మందు: మొదట్లో పూర్తిగా యాదృచ్ఛికంగా ఆడనివ్వాలి. అలా ఆడితే నూరు ఆటల్లో ఒకటి రెండుసార్లు గమ్యం తగులుతుంది, నేర్చుకోవడానికి ఆ కాస్త చాలు. ఆ సాహసాన్ని, అంటే యాదృచ్ఛికంగా అడుగు వేసే అవకాశాన్ని, 1 నుంచి మొదలుపెట్టి 10 వేల ఆటల్లో 0.05కి తగ్గించండి. విలువలు సమానంగా ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని చీటీ వేసి ఎంచుకోమనండి. నేర్చుకునే వేగం, అంటే ఇందాక సూత్రంలో చెప్పిన పదోవంతు, 0.1 దాటొద్దు. జారుడు నేలమీద 0.8 పెడితే ఒక్కో జారుడుకీ విలువలు ఎగిరెగిరి పడతాయి. 20 వేల ఆటలకు మామూలు ల్యాప్‌టాప్‌లో కొద్ది నిమిషాలకు మించదు.

పరీక్ష వేరే పెట్టండి. నేర్చుకునేటప్పుడు వచ్చిన గెలుపులు లెక్కలోకి తీసుకోవద్దు, అందులో సాహసం కోసం వేసిన పిచ్చి అడుగులున్నాయి. సాహసం సున్నా చేసి, పట్టిక మార్చకుండా 1,000 ఆటలు ఆడించండి. 100 అడుగుల హద్దులో అత్యుత్తమ ఆటకైనా గెలుపు నాలుగింట మూడు వంతుల దగ్గరే ఆగుతుంది, నేల అంత జారుడు. 740 వస్తే నేర్చుకోలేదని దిగులుపడకండి, అది పూర్తి మార్కులు.

పట్టిక తెరిచి చూస్తే ఇంకో అందం కనిపిస్తుంది. రెండో వరస మొదటి గడిలో నిలబడ్డప్పుడు కుడిపక్కనే గుంత ఉంది. అక్కడ యంత్రం ఎంచుకునేది ఎడమ, అంటే గోడ. గోడవైపు నెట్టుకుంటే పైకో కిందికో జారుతుంది తప్ప గుంతలోకి జారదు. గమ్యం కుడివైపు ఉంటే ఇది ఎడమకు ఎందుకు పోతోందని పిల్లలు అడుగుతారు. అడగాలి. నేల జారుడని యంత్రానికి ఎవరూ చెప్పలేదు, పడి పడి తెలుసుకుంది.

ఇక బహుమతి సంగతి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం. ఆట నెమ్మదిగా నేర్చుకుంటోందని మధ్యలో చిన్న చిన్న బహుమతులు పెట్టాలనిపిస్తుంది. పిక్కల ఆటలో తీసిన ప్రతి పిక్కకీ అప్పటికప్పుడు, ఆ ఎత్తుకే ఒక మార్కు ఇద్దాం అనుకోండి. యంత్రం ప్రతి కప్పులోనూ పచ్చపూసే పెంచుకుంటుంది, ఎప్పుడూ రెండేసి తీస్తుంది. 2, 5, 8 దగ్గర అది సరైన ఎత్తు కూడా, అందుకని తప్పు వెంటనే బయటపడదు. 4, 7, 10 దగ్గర మాత్రం ఓడుతుంది. మనం గెలవమని చెప్పలేదు, పిక్కలు పోగుచేయమని చెప్పాం. అది చెప్పినట్టే చేసింది.

పెద్దవాళ్లకూ ఇది జరిగింది. 1998లో డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్‌లో సైకిల్ తొక్కడం నేర్పుతూ, గమ్యం దగ్గరైతే బహుమతి అన్నారు, దూరమైతే శిక్ష పెట్టలేదు. సైకిల్ మొదలైన చోటే గుండ్రంగా తిరగడం నేర్చుకుంది. దగ్గరైన ప్రతిసారీ బహుమతి, దూరమైనప్పుడు నష్టం లేదు మరి. 2016లో ఓపెన్ఏఐ సంస్థవారు కోస్ట్ రన్నర్స్ అనే పడవ పందెం ఆటలో యంత్రానికి ఆట చూపించే స్కోరునే బహుమతిగా ఇచ్చారు. దారిలో ఉండే గురుతులను గుద్దితే స్కోరు పెరుగుతుంది. పడవ పందెం వదిలేసి ఒక మడుగులో చేరి, మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చే మూడు గురుతుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నిప్పంటుకుంటోంది, ఇతర పడవలను గుద్దుతోంది, అయినా స్కోరు మనుషుల సగటు కంటే సుమారు 20 శాతం ఎక్కువ.

దీనికి మందు 1999లోనే దొరికింది. ఆండ్రూ ఎంగ్, ఆయనతో పనిచేసినవారు గణితంతో చూపించారు: ప్రతి స్థితికీ ఒక ఎత్తు ఇవ్వండి, కొండ ఎత్తు లాగా. ఎక్కితే ఎంత ఇస్తారో దిగితే అంతా తిరిగి తీసుకోండి. అప్పుడు గుండ్రంగా తిరిగితే మిగిలేదేమీ ఉండదు, అసలు లక్ష్యం చెడదు.

మన పులి-మేక ఆటకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలున్న పలక తీసుకుందాం. మేకలవైపు ఆడే యంత్రానికి "పులి కదలకుండా కట్టేసిన ప్రతిసారీ ఒక మార్కు" అని పెడితే, అది ఒక పులిని కట్టేసి, వదిలేసి, మళ్లీ కట్టేసి మార్కులు దండుకుంటుంది. అదే పడవ, అదే మడుగు. వదిలినప్పుడు మార్కు తీసేయాలి, లేదా మూడు పులులూ కట్టుబడ్డాకే బహుమతి ఇవ్వాలి. ఆట ఎడతెగకుండా సాగుతుంది కాబట్టి 200 ఎత్తుల హద్దు పెట్టి ఆపై డ్రా అనండి. ఊరికో నియమం ఉంటుంది, ముందు నియమాలు కాగితం మీద రాసుకోండి. మేకలన్నీ దిగాక కదలొచ్చా, ముందే కదలొచ్చా అన్న ఒక్క తేడాతో నేర్చుకున్నదంతా వృథా అవుతుంది.

పరిమాణం కూడా చూడండి. 15 మేకలూ బల్ల మీద ఉన్న స్థితులు మాత్రమే లెక్కేసినా 2 కోట్ల 74 లక్షల పైచిలుకు. అదే ఒక్క పులి, 5 మేకలైతే సుమారు 6 లక్షలు, మామూలు ల్యాప్‌టాప్ పట్టికలో హాయిగా పడుతుంది. కాబట్టి పులికి ముందు ఒంటరిగా దూకడం నేర్పండి, తర్వాత మేకలు పెంచండి, ఆ తర్వాత పులులు పెంచండి. పట్టిక సరిపోని చోట న్యూరల్ నెట్‌వర్క్ వాడతారు, అంటే ప్రతి విలువనూ రాసి పెట్టుకోకుండా అంచనా కట్టడం నేర్చుకునే ప్రోగ్రాం. డీప్‌మైండ్ సంస్థవారు 2015లో అటారీ అనే పాత వీడియో గేములు 49టికి చేసింది అదే. ఆ 49లో మాంటెజుమాస్ రివెంజ్ అనే ఆటలో మాత్రం యంత్రానికి ఒక్క మార్కూ రాలేదు. మొదటి బహుమతి దాకా చేరాలంటే సుదీర్ఘమైన ఎత్తుల వరస తప్పు లేకుండా వేయాలి, యాదృచ్ఛికంగా అది తగలదు. మన 16లో ఒకటి, అక్కడ కోట్లలో ఒకటి.

సభలోంచి ఒక ప్రశ్న వచ్చింది: "మనిషి ఎందుకు, రెండు కప్పుల యంత్రాలను ఒకదానితో ఒకటి ఆడించొచ్చు కదా?" ఆడించొచ్చండి. ఐబీఎంలో ఆర్థర్ శామ్యూల్ 1950లలోనే చెకర్స్ ఆటకు అలా చేశారు. 1990ల మొదట్లో అక్కడే జెరాల్డ్ టెసారో బ్యాక్‌గామన్ యంత్రాన్ని తనతో తానే 15 లక్షల ఆటలు ఆడించి మేటి ఆటగాళ్ల స్థాయికి తెచ్చారు. పద్ధతి మంచిదే. కానీ మన కప్పుల్లో ఒక గోతి ఉంది, చూడండి. మొదట ఆడే యంత్రం 10 దగ్గర 1 తీసి 9 మిగులుస్తుంది. రెండో యంత్రానికి ఓడి ఓడి 9 కప్పు ఖాళీ అవుతుంది. ఇక అక్కణ్ణుంచి 9 చూడగానే ఓటమి ఒప్పుకుంటుంది. ఆట అక్కడితో ఆగిపోతుంది, మొదటి యంత్రానికి కొత్త అనుభవం రాదు. దాని 8 కప్పులోనో 7 కప్పులోనో తప్పు పూస ఇంకా మిగిలే ఉండొచ్చు. వరసగా వంద ఆటలు గెలుస్తుంది, అంతా నేర్చుకున్నట్టే కనిపిస్తుంది. అప్పుడు ఒక పాప వచ్చి, 9 దగ్గర ఊరుకోకుండా ఒక పిక్క తీస్తే, ఎనిమిది దగ్గర యంత్రం పల్టీ కొట్టొచ్చు.

ఇది పిక్కల దగ్గరే ఆగే సంగతి కాదు. గో ఆటలో కటాగో అనే యంత్రం తనతో తాను ఆడుకుని మనుషులను మించిపోయింది. 2023లో కెలిన్ పెల్రిన్ అనే అమెరికా ఔత్సాహిక ఆటగాడు, పరిశోధకులు కనిపెట్టిన ఒక వింత ఎత్తుగడ నేర్చుకుని, అలాంటి యంత్రాన్ని 15 ఆటల్లో 14 ఓడించారు. మంచి ఆటగాళ్లెవరూ అలా ఆడరు, కాబట్టి ఆ స్థితులు యంత్రానికి సరిగా ఎదురవ్వలేదు.

అందువల్ల యంత్రాలను ఒకదానితో ఒకటి ఆడించినప్పుడు పరీక్ష మాత్రం గెలుపులు లెక్కపెట్టి చేయొద్దు. 10 నుంచి కాకుండా 8 పిక్కలతో మొదలుపెట్టి ఒకసారి, 7తో ఒకసారి, 5తో ఒకసారి, ఇలా ప్రతి కప్పునూ విడిగా ఆడించండి. రెండో యంత్రాన్ని ఓటమి ఒప్పుకోనివ్వకుండా, ఖాళీ కప్పు వచ్చినప్పుడు ఏదో ఒక ఎత్తు వేయించండి.

ఇక మొదలుపెడదాం. బల్లకి ముగ్గురు కూర్చోండి: ఒకరు ఆడేవారు, ఒకరు కప్పులు కదిపేవారు, ఒకరు రాసేవారు. రాసేవారు ప్రతి ఆటకీ నాలుగు గడులు నింపాలి: ఆట సంఖ్య, గెలుపా ఓటమా, ఏ కప్పు నుంచి ఏ రంగు పోయింది, మొత్తం పూసలు 18 ఉన్నాయా. ఎడమవైపు బల్లలవాళ్లు నాలుగో ఆట నుంచి మనిషిని మార్చండి, కుడివైపువాళ్లు ఒకే మనిషితో ఆడండి. పదకొండో ఓటమి ఏ బల్ల మీదైనా వస్తే చెయ్యెత్తండి, ఎక్కడో పూస తప్పు కప్పులో పడి ఉంటుంది, కలిసి వెతుకుదాం.